గరివిడి, చీపురుపల్లి పరిసరాల్లో పాత మాంగనీసు గనుల శిథిలాలను చూసి రావడం ఎలా

విజయనగరంలో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డు వైపు వెళ్తే, నెల్లిమర్ల దాటాక గరివిడి, చీపురుపల్లి స్టేషన్లు వస్తాయి. ఉక్కు తయారీకి వాడే మాంగనీసు తవ్వకం భారతదేశంలో మొదలైంది ఈ చుట్టుపక్కల నేలలోనే. 1892లో అప్పటి విశాఖపట్నం జిల్లా నుంచి వచ్చిన ఖనిజం 674 టన్నులు. 1900 నాటికి ఉత్పత్తి 92,008 టన్నులకు చేరింది. ఆ తర్వాత మధ్య పరగణాల్లో (బ్రిటిష్ కాలంలో నాగపూర్ చుట్టూ ఉన్న రాష్ట్రం) మరింత మేలైన ఖనిజం దొరకడంతో వ్యాపారం అటు మళ్లింది. కోడూరు, గర్భాం, దేవాడ వంటి ఊళ్ల పేర్లు మాత్రం భూవిజ్ఞాన గ్రంథాల్లో నిలిచిపోయాయి. ఈ గనుల్లో తవ్వకం ఆగిపోయిన చోట్ల ఇప్పుడు నీళ్లు నిండిన గుంతలు, తుప్పలు పెరిగిన మట్టి గుట్టలు, పైకప్పు లేని గోడలు కనిపిస్తాయి.

ఈ శిథిలాలను జాగ్రత్తగా, తెలుసుకుంటూ, ఎవరికీ ఇబ్బంది కలగకుండా చూసి రావడానికి ఏమేం చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను. జనమంతా వెళ్లిపోయి ఖాళీ అయిన ఊరు కోసం ఇక్కడ వెతకవద్దు. గని ఆగిపోయినా ఊరు మిగిలింది. గని గట్టున ఇప్పుడు జీడితోటో, సరుగుడు తోటో ఉంటుంది. గొర్రెల కాపరి ఆ దారినే రోజూ నడుస్తాడు. కాబట్టి మీరు వెళ్తున్నది ఎవరికీ చెందని చోటుకు కాదని మొదటే మనసులో ఉంచుకోండి.

ముందు కాగితాల పని

బయలుదేరడానికి కనీసం ఒక వారం ముందు ఈ పని మొదలుపెట్టాలి. పాత రికార్డుల్లో వెతికేవారు తరచుగా తికమకపడేది జిల్లా పేరు దగ్గర. చీపురుపల్లి తాలూకా బ్రిటిష్ కాలంలో విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. అందువల్ల ఒకే గని గురించిన సమాచారం మూడు జిల్లాల పేర్ల కింద చెదిరి ఉంటుంది. కేవలం విజయనగరం అని వెతికితే 1979కి ముందున్నదంతా మీకు కనబడకుండా పోతుంది.

ఈ గనుల గురించి చదవవలసిన మొదటి గ్రంథం భూవిజ్ఞాన శాస్త్రవేత్త ఎల్. ఎల్. ఫెర్మార్ రాసినది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ మెమొయిర్లలో 37వ సంపుటంగా 1909లో వచ్చిన ఆ గ్రంథం భారతదేశంలోని మాంగనీసు నిక్షేపాలన్నిటినీ వివరిస్తుంది. విశాఖపట్నం జిల్లా గనులను ఒక్కొక్కటిగా పరిచయం చేస్తుంది. పుస్తకం పెద్దది, భాష ఇంగ్లీషు, పరిభాష కొంచెం గట్టిది. అయినా మీరు చూడబోయే గని గురించిన పేజీలు మాత్రం తప్పక చదవండి. అక్కడి ఊరి పేర్ల వర్ణక్రమం ఇప్పటి వాడుకతో సరిపోలకపోవచ్చు కాబట్టి, పేరును పైకి చదివి, ఆ ధ్వనికి దగ్గరగా ఉన్న ఊరిని పటంలో వెతకడం మేలు.

తర్వాత పటాలు. సర్వే ఆఫ్ ఇండియా పాత వరుస పటాల్లో ఈ ప్రాంతం 65 ఎన్ అనే విభాగంలోకి వస్తుంది. అందులో గనులు, గుంతలు, పాత బండి దారులు, చెరువులు విడివిడిగా గుర్తించి ఉంటాయి. పటాన్ని ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టుకుని చూడండి. ఊరి చెరువుకు ఒక వైపు గట్టు వంపుగా ఉంటుంది, రెండో వైపు నేల మెల్లగా పల్లమై ఉంటుంది. గని గుంతకు అన్ని వైపులా అంచు నిట్టనిలువుగా తెగినట్టు ఉంటుంది. నీరు ముదురు పచ్చగానో నీలంగానో కనిపిస్తుంది. పక్కనే మొక్కలు పలచగా ఉన్న మట్టి గుట్టలుంటాయి. పొలాల గట్లతో నిమిత్తం లేకుండా గుంత నుంచి రైలుమార్గం వైపు నేరుగా సాగే గీత ఏదైనా కనబడితే దాన్ని గుర్తు పెట్టుకోండి. పాత రవాణా దారి అయ్యే అవకాశం ఎక్కువ. ఇస్రో వారి భువన్‌లో గానీ, పాత సంవత్సరాల చిత్రాలు చూపించే ఇతర సేవల్లో గానీ అదే చోటును వేసవి చిత్రంలో ఒకసారి, వర్షాకాలం తర్వాతి చిత్రంలో ఒకసారి చూస్తే నీటి మట్టం ఎంత మారుతుందో, వేసవిలో బయటపడే గోడలు ఏవో తెలుస్తుంది.

చివరగా రెవెన్యూ వివరాలు. మీభూమి పోర్టల్‌లో గ్రామ పటం, సర్వే నంబరు చూసి, ఆ గుంత ఉన్న నేల పట్టాదా, ప్రభుత్వానిదా, లీజులో ఉందా అన్నది తెలుసుకోండి. దీనికి అరగంట కంటే ఎక్కువ పట్టదు.

అనుమతి

ఈ ప్రాంతంలో మూతపడిన గనుల పక్కనే పనిచేస్తున్న గనులు కూడా ఉండవచ్చు. పనిచేస్తున్న గని గనుల భద్రతా చట్టం కిందికి వస్తుంది, అందులోకి బయటివారు యాజమాన్యం అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. హద్దు స్తంభాలు, కొత్త టైరు జాడలు, తాజాగా తెగిన మట్టి, ఎర్ర జెండాలు వీటిలో ఏది కనిపించినా అది బతికున్న గని అని భావించి వెనక్కి రండి. బ్లాస్టింగు జరిగే చోటుకు తెలియకుండా దగ్గరవడం కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి లేదు.

మూతపడిన గని విషయంలో మీరు కలవవలసినవారు ఇద్దరు. గ్రామ సచివాలయంలో గానీ పంచాయతీ కార్యాలయంలో గానీ మీరు ఎవరో, ఎందుకు వచ్చారో, ఎంతసేపు ఉంటారో చెప్పండి. నేల పట్టాదారుడిదైతే ఆయన్ని నేరుగా అడగండి. ఉత్తరాంధ్ర పల్లెల్లో మర్యాదగా అడిగినవారిని కాదనడం అరుదు. చెప్పకుండా పొలంలోకి దిగినవారిని మాత్రం ఎవరూ క్షమించరు, అది న్యాయమే. లీజుల గురించి సందేహముంటే విజయనగరంలోని గనులు, భూగర్భ శాఖ కార్యాలయంలో అడిగి స్పష్టం చేసుకోవచ్చు.

ఎప్పుడు, ఎవరితో, ఏమేం తీసుకుని

డిసెంబరు మొదలు ఫిబ్రవరి చివరి వరకు వెళ్లడం అన్నిటికంటే మంచిది. జూన్ నుంచి నైరుతి వానలు, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు ఈ తీరానికి మామూలే; 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఈ వైపే తీరం దాటాయి. పెద్ద వాన కురిసిన తర్వాత కొన్ని వారాల పాటు గని గుంతల జోలికి పోకూడదు. నానిన గోడ కూలేది వాన కురుస్తున్నప్పుడే అనుకుంటారు చాలామంది. వాన వెలిసి, ఎండ కాసి, పైపొర ఆరి పగిలాక కూడా కూలుతుంది. వేసవిలో ఎండ తీవ్రతకు మిట్టమధ్యాహ్నం నీడలేని గుట్టల మీద నడవడం ప్రాణం మీదికి తెస్తుంది.

ఒంటరిగా వెళ్లవద్దు. ముగ్గురు ఉంటే మంచిది: ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గర ఉండి, ఇంకొకరు సహాయం కోసం వెళ్లగలరు. పిల్లల్ని తీసుకువెళ్లవద్దని నా గట్టి సలహా. చీలమండ దాటి కప్పే బూట్లు, మందపాటి ప్యాంటు, టోపీ, ఒక్కొక్కరికి కనీసం మూడు లీటర్ల నీళ్లు, దుమ్ముకు మంచి మాస్కు, చేతికర్ర, ప్రథమ చికిత్స సామాను, నోటు పుస్తకం, పెన్సిలు, కొన్ని పెద్ద తెల్ల కాగితాలు, ఒక చిన్న అయస్కాంతం, మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చిన్న సీసా తీసుకువెళ్లండి. చివరి మూడింటి ఉపయోగం ముందు ముందు తెలుస్తుంది. మాస్కు విషయంలో అశ్రద్ధ వద్దు. మాంగనీసు దుమ్మును ఏళ్ల తరబడి పీల్చిన కార్మికులకు చేతులు వణకడం, నడక తడబడటం వంటి నరాల జబ్బు వస్తుంది. ఒక్కరోజు చూసి వచ్చేవారికి ఆ ప్రమాదం లేకపోయినా, గుట్టల మీది సన్నటి నల్ల దుమ్ము, రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోనివ్వడం మంచిది కాదు.

స్టేషన్ నుంచి గుంత వైపు నడవండి

చాలామంది నేరుగా గుంత దగ్గరికి వెళ్లి, నాలుగు ఫోటోలు తీసుకుని వెనక్కి వస్తారు. దానివల్ల చూసింది ఏమిటో అర్థం కాదు. ఖనిజం ఏ దారిన బయటికి పోయిందో ఆ దారిని వెనక్కి పట్టుకుని నడిస్తే, విడివిడిగా కనిపించే గోడలన్నీ ఒకే పనిలో భాగాలని తెలుస్తుంది. కాబట్టి మీ నడకను గరివిడి లేదా చీపురుపల్లి స్టేషన్ దగ్గర మొదలుపెట్టండి.

తూర్పు తీర రైలుమార్గం 1893 నుంచి 1896 మధ్య దశలవారీగా రాకపోకలకు తెరుచుకుంది. తవ్వకం మొదలైన కొద్ది ఏళ్లకే ఇనుప దారి పక్కన చేరిందన్న మాట. అంత బరువైన, చవకైన సరుకును ఎడ్లబళ్ల మీద తీరం దాకా మోసుకుపోయి గిట్టుబాటు చేసుకోవడం కష్టం; ఇక్కడి గనులు తొందరగా పెరగడానికి రైలే ముఖ్య కారణం. తీరంలో ఖనిజం ఓడెక్కేది. 1933లో విశాఖ నౌకాశ్రయం తెరవకముందు పెద్ద ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసి నిలబడేవి. సరుకును పడవల్లో వాటి దాకా చేర్చవలసి వచ్చేది. విశాఖలో నౌకాశ్రయం కట్టాలన్న ఆలోచన వెనుక మధ్య పరగణాల మాంగనీసు ఎగుమతి ఒక ముఖ్య కారణం.

స్టేషన్ పరిసరాల్లో, ప్లాట్‌ఫారం మీద నుంచి కాకుండా రోడ్డు వైపు నుంచి, నేలను గమనించండి. ఖనిజం కుప్పలు పోసిన చోట నేల ఏళ్లు గడిచినా నల్లగానే ఉంటుంది. దాని మీద గడ్డి పలచగా మొలుస్తుంది. రైలు పట్టాల మీదికి, రైల్వే స్థలంలోకి అడుగుపెట్టవద్దు, అది నేరం. అక్కడి నుంచి మీరు పటంలో గుర్తించుకున్న పాత దారి వెంట గుంత వైపు నడవండి. దారి ఏటవాలు ఎలా ఉందో చూడండి: బరువుతో వచ్చే బళ్లకు పల్లం, ఖాళీగా తిరిగి వెళ్లే బళ్లకు మిట్ట ఉండేలా దారి వేసుకోవడం పాత పనివారి తెలివి.

గరివిడిలోని ఫేకర్ (ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషన్) కర్మాగారం 1950ల చివర్లో వచ్చింది. ఫెర్రో మాంగనీసు వంటి మిశ్రమలోహాలు ఇక్కడే తయారు కావడంతో, అంతకుముందు ఓడెక్కిపోయిన ఖనిజానికి ఊరి పక్కనే గిరాకీ ఏర్పడింది. అందువల్ల మీకు కనిపించే గుంతలన్నీ ఒకే కాలానివి కావు. బ్రిటిష్ కాలంలో ఇక్కడి గనులు నడిపిన విజయనగరం మైనింగ్ కంపెనీ తవ్వినవీ, స్వాతంత్ర్యం తర్వాత తవ్వినవీ పక్కపక్కనే ఉండవచ్చు.

గుంత దగ్గర

ఇక్కడి గుంతలు మిగతాచోట్ల కనిపించే రాతి క్వారీల కంటే ఎందుకు ప్రమాదకరమో తెలిస్తే, అంచు దగ్గరికి వెళ్లాలన్న కోరిక దానంతటదే తగ్గుతుంది.

తూర్పు కనుమల ఈ భాగంలో ఖొండలైట్ అనే పాత రాయి విస్తారంగా ఉంది. దానితోపాటు కోడూరు గనుల్లో ఫెర్మార్ ఒక విచిత్రమైన రాయిని గుర్తించి, ఆ ఊరి పేరుతోనే కోడురైట్ అని పిలిచాడు. ఫెల్డ్‌స్పార్, మాంగనీసు కలిసిన స్పాండైట్ అనే గార్నెట్, అపటైట్ అందులో ముఖ్యమైన ఖనిజాలు. యుగాల తరబడి నీరు ఇంకి ఆ రాయి కుళ్లి, తెల్లటి, పసుపుపచ్చని, గులాబి రంగు సుద్దమట్టిగా మారింది. మాంగనీసు ఆ సుద్దలో నల్లటి ముద్దలుగా, పట్టీలుగా మిగిలింది. అంటే గుంత గోడలో గట్టిగా ఉన్నది ఖనిజం, దాన్ని తవ్వుకుపోయారు. ఇప్పుడు నిలబడి ఉన్నది సుద్ద. ఎండలో అది రాయిలా గట్టిగా కనిపిస్తుంది, నీరు తగిలితే జారిపోతుంది.

మెత్తటి మట్టిలో తవ్వే బహిరంగ గనుల గోడలు 45 డిగ్రీలకు మించని ఏటవాలుగా ఉండాలని, లేదంటే మెట్లుగా తవ్వాలని, ఒక్కో మెట్టు ఎత్తు ఒకటిన్నర మీటర్లు మించకూడదని, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదని 1961 నాటి లోహ గనుల నిబంధనలు చెబుతాయి. మీ ఎదురుగా ఉన్న గోడను ఈ కొలతతో పోల్చి చూడండి. ఆ నిబంధన రాకముందు తవ్విన గుంతలో గోడ నిట్టనిలువుగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. మెట్లుగా తవ్వినది కూడా దశాబ్దాల వానలకు మెట్లు కరిగి ఒకే గోడగా మారి ఉండవచ్చు.

అందుకే నేను పాటించే నియమం ఇది: గుంత ఎంత లోతు ఉందనిపిస్తే, అంచుకు కనీసం అంత దూరంలో నిలబడాలి; లోతు తెలియకపోతే దగ్గరికే పోకూడదు. అంచుకు సమాంతరంగా నేలలో సన్నటి పగుళ్లు కనిపిస్తే, వాటికి అవతలి మట్టి అప్పటికే కదిలిందని అర్థం. అంచు మీద వాలిన చెట్టు, గాలిలో వేలాడే వేళ్లు, వంగిన కంచె స్తంభం కూడా అదే చెబుతాయి. గడ్డి ఒత్తుగా ఉన్న అంచును నమ్మకండి, దాని కింద మట్టి తొలుచుకుపోయి ఉండవచ్చు. ఫోటో కోసం వెనక్కి అడుగులు వేయడం ఈ చోట అసలు పనికిరాదు. నడిచేటప్పుడు నడవండి, ఆగాక ఫోటో తీయండి.

నీళ్లలోకి దిగవద్దు. చెరువులో దిగే అలవాటున్నవారే ఇక్కడ మోసపోతారు. చెరువుకు అంచున లోతు తక్కువగా ఉండి మెల్లగా పెరుగుతుంది. గని గుంతకు ఆ ఒడ్డు ఉండదు, మొదటి అడుగులోనే మనిషి లోతు దాటవచ్చు. పట్టుకుని పైకి రావడానికి ఆ సుద్ద గోడ ఆసరా ఇవ్వదు. ఈత వచ్చినవారికీ ఇది వర్తిస్తుంది.

గుంత గోడలో సొరంగం నోరు కనిపిస్తే బయటి నుంచి చూడండి, లోపలికి తల కూడా పెట్టవద్దు. గాలి ఆడని సొరంగాల్లో, పాత బావుల్లో ప్రాణవాయువు తగ్గిపోయి, బొగ్గుపులుసు వాయువు అడుగున చేరి ఉంటుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. లోపలికి వెళ్లినవారిని రక్షించబోయిన రెండోవారు, మూడోవారు కూడా చనిపోయే సంఘటనలు మన పల్లెల బావుల్లోనే తరచు వింటుంటాం. పాత మందుగుండు తీగలు, రాగి లేదా అల్యూమినియం గొట్టం ముక్కలు కనిపిస్తే ముట్టుకోకుండా ఆ చోటును గుర్తు పెట్టుకుని 112కు ఫోన్ చేసి చెప్పండి.

రాయిని చేతిలోకి తీసుకుని చూడటం

గుట్టల అడుగున, అంచుకు దూరంగా, పనికిరాదని పారేసిన రాళ్లు దొరుకుతాయి. ఒక నల్ల రాయిని చేతిలోకి తీసుకోండి. మొదట తెలిసేది బరువు: అంతే పరిమాణంలో ఉన్న మామూలు రాయి కంటే ఇది స్పష్టంగా ఎక్కువ బరువుంటుంది. వేళ్లకు మసి అంటుకుంటే అందులో పైరోలుసైట్ అనే మాంగనీసు ఖనిజం ఉన్నట్టు. మసి అంటకుండా, గట్టిగా, నున్నగా, పైన ద్రాక్షగుత్తిలా బుడిపెలతో ఉంటే అది సైలోమిలేన్ రకం. కాగితం మీదో, పగిలిన పింగాణీ పెంకు వెనుక భాగం మీదో గీస్తే నల్లటి గీత పడుతుంది. ఎర్రటి గీత పడితే అది ఇనుప రాయి.

ఇప్పుడు అయస్కాంతం తగిలించండి. చాలా ముక్కలకు అది అంటుకోదు. అప్పుడప్పుడు ఒక ముక్క అయస్కాంతాన్ని గట్టిగా లాగుతుంది. గరివిడి గనుల్లోనూ, నాగపూర్ ప్రాంతంలోని బెల్‌డోంగ్రీలోనూ దొరికిన ఇలాంటి బలమైన అయస్కాంత గుణమున్న మాంగనీసు ఖనిజానికే ఫెర్మార్ వ్రెడెన్‌బర్గైట్ అని పేరు పెట్టాడు. మాంగనీసు, ఇనుము రెండూ కలిసిన ఖనిజం అది. ఆ గుంజుడు మీ వేళ్లకు తెలిసిన క్షణంలో, నూరేళ్ల కిందటి ఒక శాస్త్రవేత్త ఈ గుట్టల మధ్య ఎందుకు అంతసేపు ఆగాడో అర్థమవుతుంది.

చివరి పరీక్ష పెరాక్సైడ్. రాయి మీద రెండు చుక్కలు వేస్తే, మాంగనీసు డయాక్సైడ్ ఉన్నచోట వెంటనే నురగ పొంగుతుంది. పెరాక్సైడ్ నీరుగా, ప్రాణవాయువుగా విడిపోవడమే ఆ నురగ. చుక్కలు కంటికి గానీ, దెబ్బ తగిలిన చర్మానికి గానీ తగలనివ్వకండి.

ఈ రాళ్లలోనే ఇక్కడి గనులు వెనుకబడటానికి ఒక కారణం కూడా ఉంది. కోడురైట్‌లోని అపటైట్ భాస్వరాన్ని మోసుకొస్తుంది. అందుచేత ఇక్కడి ఖనిజంలో భాస్వరం ఎక్కువ, మాంగనీసు శాతం తక్కువ. ఉక్కులో భాస్వరం పెరిగితే అది పెళుసుబారుతుంది కాబట్టి కొనేవారు తక్కువ ధర ఇచ్చేవారు. మధ్య పరగణాల ఖనిజం మార్కెట్‌లోకి వచ్చాక ఆ తేడా మరింత తెలిసింది.

పరీక్ష అయ్యాక రాయిని ఎక్కడిది అక్కడే పెట్టేయండి. ఖనిజాన్ని అనుమతి లేకుండా తరలించడం 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం నేరం. సంచిలో నాలుగు రాళ్లు వేసుకున్నందుకు చెక్‌పోస్టు దగ్గర సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం మీకెందుకు?

గోడల దగ్గర

గని మూతపడినచోట సాధారణంగా మిగిలేవి కూలీ లైన్లు, కాటా వేసిన అరుగు, కార్యాలయపు గది, మందుగుండు గది. వీటిని ఒకదాని నుంచి మరొకటి గుర్తుపట్టడం కష్టం కాదు. ఒకే కొలతలో వరుసగా ఉన్న చిన్న గదులు, ఒకే ఉమ్మడి గోడ ఉంటే అవి కూలీ లైన్లు. మిగతా కట్టడాలన్నిటికీ దూరంగా, మందమైన గోడలతో, చిన్న తలుపుతో, చుట్టూ మట్టి గట్టుతో ఒంటరిగా ఉన్నది మందుగుండు గది. పేలితే నష్టం తక్కువగా ఉండాలని దాన్ని అలా దూరంగా కట్టేవారు.

ఇటుకల మధ్య పూసినది తెల్లగా ఉండి గోటితో గీకితే రాలితే అది సున్నం. బూడిద రంగులో గట్టిగా ఉంటే సిమెంటు. గోడ ఏ కాలంలో కట్టారో, ఎప్పుడు బాగుచేశారో ఆ రెండింటి సరిహద్దు చెబుతుంది. పైకప్పుకు దూలాలుగా పాత రైలు పట్టాలు వాడటం పాత కట్టడాల్లో మామూలు. పట్టా నడుము మీద తయారీదారు పేరు, తయారైన సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలతో ఉంటాయి. పట్టా కింద పడి ఉండి, చేతికి అందేలా ఉంటే, తెల్ల కాగితాన్ని దాని మీద పరిచి పెన్సిలును పక్కకు పడుకోబెట్టి రుద్దండి. తుప్పులో కంటికి కనిపించని అక్షరాలు కాగితం మీద తేలతాయి. ఆ సంవత్సరం పట్టా వయసు మాత్రమే, గోడ వయసు కాదు. ఆ కప్పు అంతకంటే పాతది మాత్రం కాదని ఊహించవచ్చు. కప్పు ఇంకా నిలిచి ఉన్న గదిలోకి, వేలాడుతున్న పట్టా కిందికి దేనికోసమూ వెళ్లకండి. గోడల్లో చెయ్యి పెట్టకండి. పడిపోయిన ఇటుకల కింద రక్తపింజర, కట్లపాము, తేలు చల్లదనానికి చేరతాయి. కర్రతో ముందు తట్టి అడుగు వేయండి. కొమ్మకు గానీ గోడ చూరుకు గానీ పెద్ద తేనెపట్టు కనిపిస్తే ఆ వైపే పోవద్దు.

శిథిలాల దగ్గర చిన్న గుడి గానీ, పసుపు రాసిన రాయి గానీ ఉంటే చెప్పులు విప్పకుండా దగ్గరికి వెళ్లవద్దు, అనుమతి లేకుండా ఫోటో తీయవద్దు. గని ఆగిపోయినా ఆ అమ్మవారికి మొక్కులు ఆగి ఉండకపోవచ్చు.

మనుషులతో మాట్లాడటం

ఈ యాత్రలో ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. గుట్టల దగ్గర మిమ్మల్ని మొదట పలకరించేది పశువుల కాపరే అవుతాడు. "ఏటి బాబూ, ఎక్కణ్ణించొచ్చారు? గుంతల్దగ్గిరికి ఎల్లకండి, మట్టి దిగిపోతాది" అంటాడు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. ఏ గోడ ఏ వానకు కూలిందో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. దారి చూపమని అడిగితే, ఆ పూట పోయిన పనికి తగిన డబ్బు ఇవ్వడం మర్యాద.

ఊళ్లో పెద్దవారిని తాతా, మావయ్యా, మామ్మా అని పిలిచి కూర్చోండి. "మీ రోజుల్లో ఎలా ఉండేది?" అని అడిగితే వచ్చే జవాబు "కష్టంగా ఉండేది బాబూ" అన్న ఒక్క మాటే. చేతికి, కంటికి సంబంధించిన ప్రశ్నలు అడగండి. కాటా ఎక్కడ పెట్టేవారు? కూలి రోజుకా, తట్టలెక్కనా? మంచి రాయిని చెడు రాయిని ఎలా ఏరేవారు? మందు పేల్చే ముందు ఎవరు కేక వేసేవారు, ఏమని? గనికి ఏం పట్టుకెళ్లేవారు, చోడి (రాగి) అంబలా, గంటి (సజ్జ) అన్నమా? ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పబోయి ఒక్కొక్కరు లేచి నిలబడి సమ్మెట ఎత్తిన తీరు చూపిస్తారు. మాంగనీసు గనుల్లో తట్టలు మోసింది, సుత్తితో రాయి కొట్టి ఏరింది ఎక్కువగా ఆడవారు. కంపెనీ కాగితాల్లో వారి పేర్లు దొరకడం కష్టం. కాబట్టి మగవారితో మాట్లాడి లేచి రాకండి, ఇంట్లో ఉన్న అవ్వను ప్రత్యేకంగా అడగండి. మాటలు రికార్డు చేసుకోవాలంటే ముందు అడిగి, ఒప్పుకున్నాకే ఫోన్ బయటికి తీయండి. వారి పేర్లను ఎక్కడైనా రాయవచ్చా లేదా అన్నది కూడా అప్పుడే అడగండి.

ఏదైనా జరిగితే

పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయవద్దు. కరిచిన అవయవం కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, నాటువైద్యం కోసం ఆగకుండా చీపురుపల్లి లేదా విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. ఎవరైనా నీళ్లలో పడితే మీరు దూకకండి. తాడు, పొడవాటి కర్ర, ఖాళీ నీళ్ల డబ్బా ఏది ఉంటే అది అందించి, ఊరివారిని పిలవండి. మట్టి కింద ఎవరైనా చిక్కుకుంటే రెండోసారి కూలే ప్రమాదం ఉంటుంది కాబట్టి ముందు పైన ఉన్న గోడను చూసి, 112కు, 101కి చెప్పాకే తవ్వడం మొదలుపెట్టాలి. గుంతల మధ్య ఫోన్ సిగ్నల్ అందకపోవచ్చు. ఎక్కడ అందుతుందో వెళ్లేటప్పుడే చూసి పెట్టుకోండి.

తిరిగి వచ్చాక

బట్టలు, బూట్లు ఇంటి బయటే దులిపి విడిగా ఉతకండి. ఆ సాయంత్రమే నోటు పుస్తకం తీసి, ప్రతి ఫోటోకూ ఊరి పేరు, సర్వే నంబరు, తేదీ, ఏ దిక్కుకు తిరిగి తీశారో రాసుకోండి. వారం ఆగితే రెండు గుంతల ఫోటోలు కలిసిపోతాయి. రైలు పట్టా మీద రుద్దిన కాగితాలను మడవకుండా చుట్టి పెట్టండి. మీకు సమయమిచ్చిన పెద్దవారికి ఫోటోలు అచ్చువేయించి పంపండి, వాట్సాప్‌లో పంపితే చాలదు.

కంచె లేని గుంత ఇళ్లకో, బడికో, పిల్లలు నడిచే దారికో దగ్గరగా కనిపించి ఉంటే, చూసి వచ్చినవారిగా ఆ సంగతి తెలియజేయడం మీ బాధ్యత. ఒక పేజీ అర్జీ రాయండి. అందులో గ్రామం, మండలం, సర్వే నంబరు, ఫోన్‌లో చూసిన అక్షాంశ రేఖాంశాలు, దగ్గరి ఇంటికి ఎన్ని అడుగుల దూరమో ఉండాలి. దూరం నుంచి తీసిన రెండు ఫోటోలు జతచేయండి. ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి రసీదు తీసుకోండి. రెండో ప్రతిని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలో ఇచ్చి, అర్జీ నంబరు రాసుకుని, నెల తర్వాత ఆ నంబరుతో ఏం జరిగిందో అడగండి.